ఎడంచేత్తో రాసిన ఫిర్యాదు

ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆవిరక్క ముందు వాళ్ళ చేతుల వంక చూస్తుంది, ఏం కాగితం పట్టుకొచ్చారా అని. ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషికి ఆపాటి అనుమానం లేకపోతే దాన్ని మంచితనం అనరు, మతిలేనితనం అంటారు. ఈ మాట ఆవిడదే, నేను కల్పించింది కాదు.

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. అడుగు అంతస్తులో, మెట్ల కింద, ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో ఆవిడ పని. ఆపరేషన్ గదుల నుంచి వచ్చే కత్తెరలు, పట్టకార్లు, గుడ్డలు కడిగి, స్టీలు డ్రమ్ముల్లో సర్ది, పెద్ద యంత్రంలో పెట్టి ఆవిరి పట్టించాలి. ఆరాక మళ్ళీ మూడో అంతస్తుకు పంపాలి. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆవిడ ఆవిరక్క. పెళ్ళయిన ఆరో ఏట, దర్జీ అయిన మొగుడికి కళ్ళజబ్బు చేస్తే తోడుగా ఆ ఆసుపత్రికి వచ్చింది. పది రోజులు వరండాలో పడుకుంది. పదకొండో రోజున ఎవరో, ఊరికే కూర్చునే బదులు ఈ గది తుడవరాదా అన్నారు. మొగుడికి చూపు వచ్చింది, ఇంటికి వెళ్ళి మళ్ళీ కుట్టుమిషను తొక్కుకుంటున్నాడు. ఆవిడ మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది.

అనుమానం పుట్టుకతో వచ్చిందేమీ కాదు. పన్నెండేళ్ళ కిందట ఒక పెద్దాఫీసరు వచ్చి, గోడకు చక్కపెట్టె కొట్టించి, మీ సలహాలు ఇందులో వేయండి, మీ పేరు రాయక్కర్లేదు అన్నాడు. నలుగురు నోరులేని వాళ్ళు నమ్మి వేశారు. నెల తిరక్కుండా నలుగురూ నాలుగు దిక్కులకు బదిలీ అయ్యారు. పేరు లేకపోతేనేం, చేతిరాత ఉందిగా! ఆ రోజు నుంచి కింది ఉద్యోగులంతా ఒక మాట అనుకున్నారు. ఏం జరిగినా సరే, మన మీద మనం పైవాళ్ళకు చెప్పుకోకూడదు. రాసుకున్నదీ లేదు, ఒట్టు పెట్టుకున్నదీ లేదు. అయినా ఆ మాట పన్నెండేళ్ళూ నిలబడింది.

ఆ ఆసుపత్రి మొత్తంలో ఆవిరక్కకు నమ్మకమున్న మనిషి ఒక్కడే, బండి బాబాయ్. రోగులను మంచం మీంచి బండి మీదకు, బండి మీంచి బల్ల మీదకు చేర్చే మనిషి. ఏడాదిన్నరలో రిటైరవుతాడు. కొత్తలో ఆమెకు యంత్రం పని నేర్పింది ఆయనే. ఒత్తిడి చూపే ముల్లును నమ్మకమ్మాయ్, చప్పుడు విను, అనేవాడు. ఎప్పుడో లిఫ్టు తలుపులో పడి కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి, ఇక వంగవు. సంతకం పెట్టమంటే అక్షరాలు తలో దారీ పడతాయి. ఇంత జరిగినా ఆయనకు లోకంలో అందరూ మంచివాళ్ళే. రోజూ నాలుగింటికి ఆవిరక్క ఫ్లాస్కులో టీ ఇద్దరూ పంచుకునేవాళ్ళు. ఆవిడ అందరినీ తిట్టేది, ఆయన అందరినీ వెనకేసుకొచ్చేవాడు.

ఇలా ఉండగా కొత్త మేట్రన్ వచ్చింది.

వచ్చిన మొదటి రోజునే మెట్ల కిందకు దిగి, గుమ్మంలో నిలబడి, "అక్కా, లోపలికి రావచ్చా? మీరు పనిలో ఉన్నారేమో" అంది. ఇరవై రెండేళ్ళలో పై అంతస్తు వాళ్ళెవరూ ఆవిరక్కను మీరు అనలేదు. కొంప మునిగింది, గది ఎత్తేస్తారు కాబోలు అనుకుంది.

గది ఎత్తేయలేదు. మెట్ల పక్కన గోడకు తెల్లబోర్డు ఒకటి వేలాడదీశారు. పైన "మీ పనికి అడ్డం ఏమిటి?" అని రాసి, దారంతో ఒక కలం కట్టారు. రోజూ పొద్దున ఏడింటికి మేట్రన్ అక్కడికొచ్చి పది నిమిషాలు నిలబడుతుంది. ఎవరైనా ఏదైనా రాయవచ్చు, పేరు అక్కర్లేదు.

"పేరు అక్కర్లేదట!" అంది ఆవిరక్క, టీ పోస్తూ. "విన్నావా బాబాయ్? పాత పెట్టెకే కొత్త రంగు."

"అందరూ ఒకలాగే ఉంటారా అమ్మాయ్? ఆవిడ నిన్న నా నడుం నొప్పి గురించి అడిగింది. రెండు రోజులు వరసగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది."

"ఎందుకడిగిందో? నడుం నొప్పి ఉన్నవాడు పనికిరాడని రాయడానికి అడిగింది. నీకెవరైనా చెవిలో పువ్వు పెడితే, వాసన బావుంది అంటావు."

బాబాయ్ నవ్వాడు. ఆయన్ను తిట్టినా నవ్వే, పొగిడినా నవ్వే.

పన్నెండు రోజులు బోర్డు తెల్లగానే ఉంది. ఎవరో ఒక పిల్లి బొమ్మ వేశారు. మేట్రన్ దాన్ని చెరపలేదు, పైగా దానికి మీసాలు సరిచేసింది. అది చూసి ఆవిరక్కకు ఒళ్ళు మండింది. మనసులో ఏముందో బయటపెట్టకుండా పిల్లికి మీసాలు గీసే మనిషిని ఎలా నమ్మడం? ఈవిడ సంగతేమిటో తేల్చుకోవాలి, లేకపోతే రాత్రుళ్ళు నిద్రపట్టేలా లేదు.

బాగా ఆలోచించి ఒక ఉపాయం వేసింది. ఇంకొకరి మీద రాస్తే పాపం, అందుకని తన మీద తనే రాసుకోవాలి. మేట్రన్ వచ్చి తనను కసిరితే, బోర్డు ఎర అని తేలిపోతుంది. ఎవరు రాశారో ఆరా తీస్తే, మరీ తేలిపోతుంది. బుధవారం సాయంత్రం, మెట్ల దగ్గర ఎవరూ లేనప్పుడు, చేతిరాత తెలియకుండా కలం ఎడంచేత్తో పట్టుకుని రాసింది: "ఆవిరి గది నుంచి డ్రమ్ములు ఆలస్యంగా వస్తున్నాయి." అక్షరాలు తలో దారీ పడ్డాయి. తన తెలివికి తనే మెచ్చుకుంటూ కిందికి దిగిపోయింది. అక్కడే పప్పులో కాలేసింది. అలా తలో దారీ పడే అక్షరాలు ఆ ఆసుపత్రిలో ఎవరివో ఆమెకు క్షణం కూడా తట్టలేదు.

మర్నాడు ఏడుంపావుకు మేట్రన్ గదిలోకి వచ్చింది. ఇదిగో మొదలైంది అనుకుంది ఆవిరక్క. మేట్రన్ కసరలేదు. చేతులు కడుక్కుని, "ఇవాళ ఒక పూట నాకు మీ పని నేర్పుతారా?" అంది.

నేర్పక చస్తుందా! కత్తెరలు తెరిచి సర్దడం చూపించింది, గుడ్డ మడత చూపించింది. మేట్రన్ మడత వేస్తే ముద్దయింది, విప్పి మళ్ళీ వేసింది. తర్వాత ఇద్దరూ అప్పటికే ఆవిరి పట్టి ఆరిన డ్రమ్ములు చెరొకటీ పట్టుకుని మూడంతస్తులు ఎక్కారు. రెండో అంతస్తులో మేట్రన్ ఆగి రొప్పుతూ, "లిఫ్టు ఉందిగా?" అని అడిగింది.

"డాక్టర్ల కోసమండి. మా డ్రమ్ములకు కాదు."

"ఎవరన్నారు?"

ఎవరన్నారో ఆవిరక్కకు నిజంగానే తెలియదు. ఎవరో ఎప్పుడో అన్నారు, అంతే.

మళ్ళీ కిందికొచ్చి యంత్రం తలుపు వేసేటప్పుడు వచ్చింది అసలు చిక్కు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ అరిగిపోయి రెండేళ్ళయింది. తడిగుడ్డ మడతపెట్టి దూర్చి, నడుంతో తలుపును నొక్కిపట్టి, రెండు చేతులతో పిడి తిప్పితే గానీ ఆవిరి ఆగదు. తిప్పేలోగా ఒక్క బుస్సుమని చేతుల మీదికి కొడుతుంది. ఆవిరక్క అలవాటుగా చేసేసింది. చేశాక చూసుకుంది, పని కోటు చేతులు పైకి మడిచి ఉన్నాయని.

"చేతులకు ఆ మచ్చలేమిటక్కా?"

"వంట చేస్తుంటే కాలిందండి."

"రెండు చేతులకూ, ఒకే ఎత్తులోనా?"

ఆవిరక్క మడిచిన కోటు చేతులు కిందికి లాక్కుంది. నిజం చెప్తే, యంత్రం పాడుచేసింది నువ్వే అంటారు. అలా అనిపించుకున్న వాళ్ళను తను చూసింది. మేట్రన్ గోడ గడియారం చూసి, చేతిలో పుస్తకం తెరిచి, "డ్రమ్ములు ఆలస్యం కావడమే లేదు. ఈ తలుపుతో, ఆ మెట్లతో ఇవి వేళకు ఎలా వస్తున్నాయన్నదే నాకు అర్థం కావడం లేదు" అంటూ రాసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం నుంచి యంత్రం ఆపేశారు. అత్యవసరమైనవి తప్ప ఆపరేషన్లన్నీ వాయిదా పడ్డాయి, కావలసిన డ్రమ్ములు పక్క ఆసుపత్రి నుంచి తెప్పించారు. పెద్ద సర్జను వరండాలో మేట్రన్ మీద ఇంతెత్తున లేచాడు. ఒక ఆయా చేతులు కాలాయని నా ఆపరేషన్లు ఆపుతావా, అని. మేట్రన్ గొంతు పెంచలేదు. "ఆపింది నేను. పైకి రాయదలిస్తే నా మీద రాయండి. ఆవిణ్ణి మాత్రం ఏమీ అనొద్దు" అంది. తలుపు సందులోంచి ఇదంతా విన్న ఆవిరక్క, బాగా నటిస్తోంది అనుకుంది. కాసేపయ్యాక, నటనకు కూడా ఇన్ని తిట్లు తింటారా అని మొదటిసారి సందేహం వచ్చింది. తన అనుమానం మీద తనకే అనుమానం రావడం ఆవిడకు కొత్త.

అయితే ఈలోగా పైన ఇంకో కథ నడిచిపోతోంది. గురువారం పొద్దున బోర్డు అందరూ చదివారు. సూదులు వేసే నర్సు, అందరూ సూదుల చెల్లి అంటారు, కిందికి పరుగెత్తుకొచ్చింది.

"చూశావా అక్కా, నీ మీద ఎంత మాట రాశాడో! ఇన్నేళ్ళు నీ చేతి టీ తాగి!"

"ఎవరు?"

"ఇంకెవరు, బండి బాబాయ్! ఆ వంకర రాత ఇంకెవరికుంది? మొన్న మేట్రన్ గదిలో రెండు రోజులు కూర్చుని టీలు తాగింది ఇందుకన్నమాట."

ఆవిరక్క నోరు తెరిచింది. కాదే, అది నేనే, అనడానికి మూడు మాటలు చాలు. ఆ మూడు మాటలూ గొంతు దాకా వచ్చాయి. అంటే ఇప్పుడు ఏమవుతుంది? ఉత్తుత్తి ఫిర్యాదు రాసి ఆసుపత్రిని తమాషా చేసిందని తన మీద కాగితం పడుతుంది. ఇరవై రెండేళ్ళు గంగలో కలుస్తాయి. రెండు రోజులు పోతే వీళ్ళే మరిచిపోతారు, అనుకుంది. తెరిచిన నోరు మూసుకుంది.

మరిచిపోలేదు. మన మీద మనం చెప్పుకోకూడదన్న మాట తప్పినవాడికి శిక్ష ఎవరూ వేయలేదు, ఎవరికి వారే వేసేశారు. రోగిని మంచం మీంచి బండి మీదకు మార్చాలంటే రెండో వైపు ఇంకొకరు పట్టాలి. బాబాయ్ పిలిస్తే అందరూ "ఇదిగో, వస్తున్నా" అనేవాళ్ళే, ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. ఒక ముసలావిడ ఎక్స్‌రే గది ముందు అరగంట అలాగే పడి ఉంది. చివరికి ఆమె మనవడు, బాబాయ్ కలిసి ఎత్తారు. బాబాయ్ నాలుగింటికి ఆవిరి గదికి రావడం మానేశాడు. ఎదురుపడితే నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు వెంటనే తీసేసుకుంటున్నాడు.

మంగళవారానికి యంత్రానికి కొత్త పట్టీ వచ్చింది. మోచేతుల దాకా వచ్చే దళసరి చేతితొడుగులు వచ్చాయి. పొద్దున ఎనిమిది దాకా లిఫ్టు డ్రమ్ములకే అని గోడ మీద కాగితం అంటించారు, దాని కింద పెద్ద సర్జను సంతకం కూడా ఉంది. ఆ సంతకం ఎలా పెట్టించిందో ఆ మేట్రన్‌కే తెలియాలి. తలుపు ఒక్కచేత్తో వేస్తే చప్పుడు లేకుండా మూసుకుంది. అంత సుఖంగా పని జరుగుతుంటే ఆవిరక్కకు ఏడుపొచ్చింది.

శుక్రవారం ఆఫీసు గుమాస్తా చల్లగా చెప్పాడు. బండి బాబాయ్ ఊరి అవతలి శాఖకు పంపెయ్యమని అర్జీ పెట్టాడట. అక్కడికి రెండు బస్సులు మారాలి. మేట్రన్ ఇంకా సంతకం పెట్టలేదట, శనివారం పొద్దున చెప్తానందట.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిరక్క మొగుడి ముందు మొత్తం కక్కేసింది. దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విన్నాడు.

"అయితే మేట్రన్‌కు పరీక్ష పెట్టావన్నమాట. పాసయిందా, ఫెయిలయిందా?"

"పాసయింది" అంది ఆవిరక్క, నేల చూస్తూ.

"మరి ఫలితం చెప్పవేమే? మార్కులు దాచుకుంటావా?"

"చెప్తే నా ఉద్యోగం పోతే?"

"పోతే నా పక్కన కూర్చుని గుండీలు కుట్టు. బాబాయ్ పోతే ఏం కుడతావు?"

ఆవిడకు కోపం వచ్చింది. మొగుడు సరిగ్గా మాట్లాడినప్పుడల్లా వస్తుంది. రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. రేపు చెప్పకపోతే ఆయన వెళ్ళిపోతాడు, ఇదొక్కటే ఆమెకు స్పష్టంగా తెలుసు.

శనివారం ఏడింటికి బోర్డు ముందు పది మందికి పైగా ఉన్నారు. యంత్రం బాగుపడ్డాక జనానికి కాస్త ధైర్యం వచ్చి, కొందరు రాయడం మొదలుపెట్టారు. బాబాయ్ ఖాళీ బండితో ఒక చివర నిలబడ్డాడు, ఆయన చుట్టూ రెండు గజాలు ఖాళీ. ఆవిరక్క గుంపును తోసుకుని ముందుకు వెళ్ళింది.

"అమ్మా, ఆ డ్రమ్ముల మాట రాసింది నేనే. మీరెలాంటివారో చూద్దామని నా మీద నేనే రాసుకున్నాను. చేతిరాత పట్టేస్తారని ఎడంచేత్తో రాశాను. నమ్మకపోతే ఇదిగో" అని కలం ఎడంచేత్తో అందుకుని అవే మాటలు మళ్ళీ రాసింది. అవే వంకర అక్షరాలు. "బాబాయ్ కాదు. ఆయన ఎవరి మీదా ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. తొమ్మిది రోజులు తెలిసీ నోరు మూసుకున్నాను. నన్ను ఏం చేస్తారో చేయండి."

సూదుల చెల్లి మొహం కందగడ్డలా అయింది. మేట్రన్ ఆ వంకర అక్షరాలు ఒకసారి చదివింది.

"మిమ్మల్ని ఏమీ చేయనక్కా. ఇందులో నా తప్పూ ఉంది. పేరు అక్కర్లేదంటే మీకు భయం పోతుందనుకున్నాను. పేరు లేకపోయేసరికి ఎవరి మీద పడితే వాళ్ళ మీద వేసుకున్నారు. ఆయన ఒంటరిగా బండి లాగడం నేను రెండుసార్లు చూశాను. చూసి కూడా ఎందుకని అడగలేదు." తర్వాత బాబాయ్ వైపు తిరిగింది. "ఈ అర్జీ చింపేయనా?"

"రెండు నిమిషాలు ఆగండమ్మా" అన్నాడు బాబాయ్. ఆవిరక్కను మెట్ల వెనక్కి రమ్మన్నాడు.

ఆవిరక్క చేతులు జోడించింది. "తప్పయిపోయింది బాబాయ్."

"నువ్వే రాశావని నాకు మొదటి రోజే తెలుసమ్మాయ్."

"ఎలా?" అంది ఆవిరక్క.

"మెట్ల మలుపులో ఉన్నాను. ఎడంచేత్తో ఆ కలంతో కుస్తీ పడుతున్నావు. నవ్వొచ్చింది కూడా."

"మరి వాళ్ళు అలా చేస్తుంటే చెప్పలేదేం? నేను కాదు, అదిగో ఆవిడ అని చెప్పొద్దా?"

"మన మీద మనం చెప్పుకోకూడదుగా."

"నన్నైనా నిలదీయాల్సింది! నాలుగు తిట్టాల్సింది!"

"నువ్వే చెప్తావనుకున్నాను. మొదటి రోజు అనుకున్నాను, రెండో రోజు అనుకున్నాను. సోమవారం టీ పట్టుకుని నా దగ్గరికి వచ్చావు చూడు, అప్పుడైతే తప్పకుండా చెప్తావనుకున్నాను. పంచదార సరిపోయిందా బాబాయ్, అని అడిగి వెళ్ళిపోయావు."

ఆవిరక్క గోడకు ఆనుకుని ఏడ్చేసింది. ఇరవై రెండేళ్ళలో ఆ ఆసుపత్రిలో ఆమె కన్నీళ్ళు ఎవరూ చూడలేదు. బాబాయ్ వంగని వేళ్ళతోనే ఆమె భుజం మీద తట్టాడు.

"ఊరుకో. ఇవాళ నలుగురిలో చెప్పావు, అది తక్కువ మాట కాదు. నాకు నీ మీద కోపం లేదు."

"అయితే ఉండిపో బాబాయ్. రేపటి నుంచి అందరూ వస్తారు. నేను రప్పిస్తాను."

"వస్తారు, తెలుసు. నేనే ఉండలేను. వాళ్ళు నవ్వుతూ పలకరిస్తే, ఈ నవ్వు ఎన్నాళ్ళుంటుందో అనిపిస్తుంది. నువ్వు టీ ఇస్తే, ఏం దాస్తోందో అనిపిస్తుంది. ఇదివరకు నాకీ జబ్బు లేదమ్మాయ్. ఈ తొమ్మిది రోజుల్లో వచ్చింది."

ఆ మాట అని, బోర్డు దగ్గరికి నడిచి వెళ్ళి, మేట్రన్‌ను సంతకం పెట్టమన్నాడు.